కోడి ఎరువా, పావురం రెట్టా? మీ మొక్కలకు ఏది నప్పుతుంది

ఆ ఏడు వంగనారు చక్కగా పాతుకుంది. మిద్దె మీద ఆరు కుండీలు, నాటి ఇరవై రోజులు, ఆకులు అరచేతంత అయ్యాయి. తెలిసినాయన ఒకరు గుడ్ల కోళ్ళ షెడ్డు నుంచి చిన్న డబ్బాతో పచ్చి పెంట తెచ్చిపెట్టారు. బలం కదా అని కుండీకి రెండు గుప్పెళ్ళ చొప్పున మొక్క మొదట్లో వేసి నీళ్ళు పోశాను. మర్నాడు ఏమీ తెలియలేదు. మూడోనాడు పొద్దున్నే చూస్తే ఆకుల అంచులు కాల్చిన అప్పడంలా ముడుచుకుని, ముట్టుకుంటే గరగరలాడుతున్నాయి. వారం తిరక్కుండా ఐదు మొక్కలు పోయాయి. ఆరో కుండీ దాకా పెంట రాలేదు, అదొక్కటే బతికింది.

మా అత్తయ్య చూసి, "కోడి ఎరువు వేడమ్మా, మాగకుండా వెయ్యకూడదు" అన్నారు. ఊళ్ళో అందరూ అనే మాటే. ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఏ పిట్ట ఎరువు కొనాలో, ఏది వద్దనుకోవాలో సగం తేలిపోతుంది.

ఏ పక్షి రెట్టనైనా దగ్గరగా చూడండి. ముదురు రంగు ముద్ద మీద తెల్లగా సున్నం చుక్కలాంటిది ఉంటుంది. పక్షులు మూత్రం విడిగా పోయవు. ఒంట్లో మిగిలిన నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మార్చి, ఆ తెల్లటి పూతలా రెట్టతోపాటే వదిలేస్తాయి. పశువుల మూత్రం కొట్టంలో నేలలోకి ఇంకిపోతుంది కాబట్టి పేడలో నత్రజని తక్కువ. పక్షుల దగ్గర రెండూ కలిసే వస్తాయి. తడి తగలగానే సూక్ష్మజీవులు ఆ యూరిక్ ఆమ్లాన్ని యూరియాగా, యూరియాని అమ్మోనియాగా మారుస్తాయి. కళ్ళు మండించే ఘాటు అదే. అమ్మోనియాతో పాటు పెంటలోని ఉప్పులు కూడా లేత వేళ్ళను మాడ్చేస్తాయి. నా వంగ మొక్కలు అలాగే పోయాయి.

లెక్కలో చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మన వ్యవసాయ పాఠాల్లో ఇచ్చే సగటు ప్రకారం కోళ్ళ ఎరువులో నత్రజని సుమారు 3 శాతం, భాస్వరం 2.6 శాతం, పొటాష్ 1.4 శాతం. పశువుల ఎరువులో నత్రజని 0.5, భాస్వరం 0.2, పొటాష్ 0.5 శాతం దాకా ఉంటాయి. అంటే నత్రజని వరకు ఒక గంప కోడి ఎరువు ఆరు గంపల పశువుల ఎరువుకు సమానం. లిఫ్టు లేని మేడ మీదికి సంచులు మోసేవాళ్ళకి ఇది చిన్న సంగతేమీ కాదు.

అందుకే "ఏ పిట్ట రెట్టలో బలం ఎక్కువ?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. అన్నిట్లోనూ బలం ఉంది. మాగబెట్టడానికి మీకు ఒక మూల చోటుందా, మూడు నెలలు ఆగగలరా, వేసేది ఏ మొక్కకి? ఈ మూడూ తేల్చుకుని బజారుకి వెళ్ళండి.

మాంసం కోళ్ళదా, గుడ్ల కోళ్ళదా

"కోడి ఎరువు" అని ఒకే పేరుతో అమ్ముతారు గానీ ఈ రెండూ వేర్వేరు సరుకులు. కొనేటప్పుడు ముందు అడగాల్సింది ఇదే.

బ్రాయిలర్ షెడ్డులో నేల మీద రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక పరుస్తారు. కొన్నిచోట్ల రంపపు పొట్టు వాడతారు. కోళ్ళు ఐదారు వారాలు దాని మీదే తిరుగుతాయి. రెట్ట పడుతుంటే ఊక పీల్చుకుంటుంది, మధ్యమధ్య తిరగేస్తుంటారు. బ్యాచ్ ఎత్తాక పారతో గీకి సంచుల్లో నింపుతారు. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా, ముదురు గోధుమరంగులో, అక్కడక్కడ తెల్ల ఈకలతో ఉంటుంది. నత్రజనికి తోడు కావాల్సిన పీచు పదార్థం ఇందులో ముందే కలిసి ఉండడం మనకి కలిసొచ్చే విషయం. త్వరగా మాగుతుంది, మొయ్యడం తేలిక, ఈగలు తక్కువ. ఊక మాత్రం తొందరగా చివకదు. ఏడాది తర్వాత కూడా కుండీలో కనిపిస్తుంది. దాన్ని లోపమనుకోకండి, మట్టి గట్టిపడకుండా గుల్లగా ఉంచుతుంది.

గుడ్ల కోళ్ళు బోనుల్లో ఉంటాయి. కింద ఊక ఉండదు, రెట్ట నేరుగా కిందపడి నెలల తరబడి గుట్టలు కడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు నాలుగింట మూడొంతులు నీళ్ళే. పైన ఎండినట్టు కనిపించినా పార దించితే లోపల ముద్దగా ఉంటుంది, పురుగులు కూడా మెదులుతుంటాయి. తణుకు, అనపర్తి వైపు షెడ్లకు దగ్గరగా ఇళ్ళున్నవాళ్ళకి ఈ ఈగల బాధ చెప్పక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన తేడా సున్నం. గుడ్డు పెంకు గట్టిగా రావడానికి ఈ కోళ్ళ మేతలో సున్నపురాయి పొడి, గవ్వ పిండి ఎక్కువగా కలుపుతారు. అందులో కొంత రెట్టలోకి వస్తుంది. కాస్త పుల్లగా ఉండే ఎర్ర నేలలకు ఇది మేలు. మీది నల్లరేగడి అయితే, లేదా కుండీలకు ఉప్పు తేలే బోరు నీళ్ళే పోస్తుంటే జాగ్రత్త. అప్పటికే సున్నం ఎక్కువగా ఉన్న మట్టికి మరింత సున్నం చేరితే మొక్క ఇనుముని తీసుకోలేదు. గులాబీ, మల్లె, నిమ్మ చిగుళ్ళు పసుపు తిరిగి ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలాయంటే కారణం చాలాసార్లు ఇదే. దానికి ఇంకా ఎరువు వేస్తే ఇంకా పాలిపోతుంది.

నా మాట అడిగితే మిద్దెతోటకి మాంసం కోళ్ళదే తీసుకోండి. పెరట్లో కొబ్బరి, అరటి, మామిడి ఉండి, గొయ్యి తవ్వుకునే చోటుంటే గుడ్ల కోళ్ళది చవగ్గా వస్తుంది, అది చాలు.

రెండింటికీ వర్తించే హెచ్చరిక ఒకటుంది. 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి మండలాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు షెడ్ల చుట్టూ రాకపోకలు ఆపేశారు. అలాంటి సమయాల్లో ఆ చుట్టుపక్కల నుంచి ఎరువు కదలకూడదు. "చవగ్గా ఇస్తున్నారు" అని ఎవరైనా చెప్పినా తేవద్దు. మామూలు రోజుల్లో కూడా ఆ బ్యాచ్‌లో కోళ్ళు ఎక్కువగా చచ్చాయా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇంట్లో నాలుగు కోళ్ళుంటే

వాటిని మించింది లేదు. ఏం తిన్నాయో, ఏ మందు వేశారో మీకే తెలుసు. రాత్రి అవి ఎక్కి పడుకునే దూలం కింద ఎండుటాకులో ఊకో వేసి ఉంచండి, రోజు రెట్టలో ఎక్కువ భాగం అక్కడే పడుతుంది. వారానికోసారి ఆ పరుపు ఎత్తి డ్రమ్ములో వేసుకుంటే సరి. బోను కోడి రోజుకు సుమారు వంద గ్రాముల పచ్చి రెట్ట వేస్తుంది, తిరిగి తినే నాటుకోడి దగ్గర అంతకంటే తక్కువే దొరుకుతుంది. నాలుగు కోళ్ళతో ఇరవై కుండీల మిద్దెతోట సుఖంగా గడుస్తుంది.

కౌజు పిట్టల పెంటను గుడ్ల కోళ్ళ పెంటలాగే చూడండి, ఘాటు ఎక్కువ. బాతులది నీళ్ళనీళ్ళగా ఉంటుంది. డెల్టాలో వరికోతలయ్యాక బాతుల మందలు చేలల్లో దిగి రాలిన గింజలు, నత్తలు ఏరుకుతింటూ రెట్ట అక్కడే వదిలిపోతాయి. గొర్రెల మంద కట్టించినట్టే అదీ చేనుకి లాభం. ఇంట్లో బాతులుంటే వాటి తొట్టి నీళ్ళు మార్చేటప్పుడు పారబోయకుండా అరటి పాదులోకి మళ్ళించండి. ఆకుకూరల మీద మాత్రం వద్దు.

పంజరంలో లవ్ బర్డ్స్ పెంచేవాళ్ళు అడుగుతుంటారు. రెట్ట కొంచెమే, కానీ దానితోపాటు తినకుండా చిమ్మిన కొర్రలు రాలతాయి. నేరుగా కుండీలో దులిపితే పది రోజుల్లో కొర్ర మొలకలు లేస్తాయి. ముందు కంపోస్టులో వేడెక్కనివ్వండి.

పావురాలు: ఇక్కడ ఆగండి

హైదరాబాదులో ఎక్కువమంది నన్ను అడిగేది దీని గురించే. ఏసీ డబ్బా మీద, బాల్కనీ మూలల్లో, అపార్ట్‌మెంటు షాఫ్టులో గట్టిగా పేరుకుపోయి ఉంటుంది. ఎలాగూ తీసెయ్యాలి కదా, మొక్కలకు వేస్తే ఏం పోయిందనిపిస్తుంది.

ఎరువుగా దానికి వంక పెట్టలేం. గింజలు తినే పిట్ట కాబట్టి నత్రజని దండిగా ఉంటుంది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చుట్టూ సఫావిద్ రాజుల కాలంలో పావురాల కోసమే పెద్ద పెద్ద బురుజులు కట్టారు. లోపల గూళ్ళు వేలల్లో ఉండేవి. పావురాలు స్వేచ్ఛగా వచ్చిపోయేవి, కింద పడిన రెట్టను ఎత్తుకెళ్ళి కర్బూజా పొలాలకు వేసేవారు. ఆ బురుజులు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

అయినా మీ ఏసీ డబ్బా మీద ఎండిపోయిన రెట్టను ఎరువు కోసం గీకవద్దనే చెబుతాను. ప్రమాదం దాని దుమ్ములో ఉంది. క్రిప్టోకాకస్ అనే బూజు పావురాల రెట్టలో బాగా పెరుగుతుందని 1955లోనే తేలింది. అది ఊపిరితో లోపలికి వెళ్ళి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళలో ఊపిరితిత్తులకీ మెదడు పొరలకీ జబ్బు తెస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా రెట్ట, ఈకల దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు రావచ్చు. మొదట్లో తగ్గని పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ముంబయిలో 2025లో పావురాలకు గింజలు వేసే దాదర్ కబూతర్‌ఖానాను మూసివేసినప్పుడు అంత గొడవ జరిగిందీ ఈ ఆరోగ్యం మాట మీదే.

శుభ్రం చెయ్యక తప్పకపోతే ముందు బాగా నీళ్ళు చల్లి నాననివ్వండి. ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, చీపురుతో ఊడవకుండా రేకుతో తడి ముద్దగా ఎత్తి సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చెయ్యండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు, షుగరు అదుపులో లేనివాళ్ళు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లలు ఆ పనికి దగ్గరగా ఉండొద్దు.

పాతబస్తీలో తరాలుగా పావురాలు పెంచేవాళ్ళ సంగతి వేరు. గూళ్ళు రోజూ శుభ్రమవుతాయి, రెట్ట పేరుకోదు. అలాంటి చోట తడిగా ఎత్తింది దొరికితే, మాస్కు వేసుకుని ఎండుటాకులతో కలిపి మాగబెట్టుకోవచ్చు. పచ్చిగా మాత్రం వద్దు.

చెరువు పక్షులు, గ్వానో

చెంగల్పట్టు దగ్గర వేడంతంగల్ చెరువులో కొంగలు, నీటికాకులు గూళ్ళు కట్టే చెట్ల కింద నీళ్ళు రెట్టతో చిక్కబడతాయి. ఆ నీరు పారిన పొలం బాగా పండుతుందని ఊరివాళ్ళకు తెలుసు, అందుకే పక్షుల్ని కాచుకున్నారు. 1798లో అప్పటి కలెక్టరు లయొనెల్ ప్లేస్ ఆ రక్షణకు రాతపూర్వకంగా హక్కు ఇచ్చాడు. కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు వాళ్ళు చింతచెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడితే, కింద గుంటలు తవ్వి రెట్ట పట్టి చేలకు వేసుకునేవారు. పక్షికీ రైతుకీ ఇలా పొత్తు కుదిరిన ఊళ్ళంటే నాకు చాలా ఇష్టం. మనవైపు నేలపట్టులోనో తేలినీలాపురంలోనో చూసి ముచ్చటపడి సంచి పట్టుకెళ్ళకండి. అవి రక్షణ ఉన్న చోట్లు, గూళ్ళున్నప్పుడు చెట్టు కిందికి వెళితేనే పక్షులు బెదురుతాయి.

గ్వానో అని ఆన్‌లైన్లో చిన్న ప్యాకెట్లు వస్తున్నాయి. అసలు గ్వానో పెరూ తీరంలో చించా దీవులది. వాన పడని చోట సముద్ర పక్షుల రెట్ట తరతరాలుగా పేరుకుని కొండలైంది. వాన కడిగెయ్యదు కాబట్టి నత్రజని అందులోనే నిలిచిపోయింది, మేలురకంలో పది శాతం దాటుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్, అమెరికా దీనికోసం ఎగబడ్డాయి. అమెరికా 1856లో గ్వానో ఉన్న దీవుల్ని స్వాధీనం చేసుకోవడానికి చట్టమే చేసింది. సరుకు గొప్పదే, కానీ మన తోటకు అవసరం లేదు. ధరకి తగ్గ లాభం కుండీలో కనిపించదు, పైగా ప్యాకెట్ల మీద గ్వానో అని ఉన్నవాటిలో చాలావరకు గబ్బిలాలది. ఆ డబ్బుతో నాలుగు బస్తాల కోడి ఎరువు వస్తుంది.

అమెరికాలో పెరటితోటలు వేసే మనవాళ్ళకి ఇంకో వీలుంది. అక్కడి దుకాణాల్లో కోడి ఎరువును వేడిచేసి గుళికలుగా చేసి అమ్ముతారు, సంచి మీద నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెలు వరుసగా ఉంటాయి. మాగబెట్టే పని లేదు కాబట్టి గోంగూర, బీరకి అదే నయం. పక్కవాళ్ళ కోళ్ళ నుంచి పచ్చిది తెచ్చుకుంటే అక్కడి సేంద్రియ నిబంధన గుర్తుంచుకోండి. మట్టిని తాకే పంటయితే కోతకు కనీసం 120 రోజుల ముందు, తాకనిదయితే 90 రోజుల ముందు వేసెయ్యాలి.

మాగబెట్టడం

అడుగున, పక్కల చిల్లులు పెట్టిన పాత ప్లాస్టిక్ డ్రమ్ము చాలు. ఊక కలిసిన బ్రాయిలర్ ఎరువైతే ఒక గంపకి ఒక గంప ఎండుటాకులు, ఊక లేని పచ్చి పెంటయితే ఒకటికి మూడు. కొబ్బరిపీచు, చింపిన అట్టపెట్టెలు కూడా పనికొస్తాయి. నీళ్ళు చల్లుతూ కలపండి. గుప్పిట్లో పిండితే వేళ్ళ మధ్య తడి కనపడాలి, చుక్క కారకూడదు.

మూడు నాలుగు రోజుల్లో లోపల రాజుకుంటుంది. ఒక ఇనపచువ్వ మధ్యలోకి గుచ్చి అయిదు నిమిషాలాగి తీయండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే బాగా నడుస్తున్నట్టే. 55 డిగ్రీలు దాటిన ఆ వేడే సాల్మొనెల్లా లాంటి క్రిములను, గడ్డి గింజలను చంపుతుంది. వారం పది రోజులకోసారి తిరగేసి అంచున ఉన్నది మధ్యకి పంపండి. వానాకాలంలో పైన రేకు కప్పాలి, లేకపోతే సారమంతా కారిపోతుంది. మూడు నెలలు పడుతుంది. చలికాలం ఇంకో నెల.

వాసన తగ్గాలని చాలామంది సున్నమో బూడిదో చల్లుతారు. చల్లకండి. రెండూ క్షారాలు, అవి తగిలితే అమ్మోనియా మరీ వేగంగా గాలిలో కలిసిపోతుంది. ముక్కుకి కొట్టే ఘాటంటే మీరు డబ్బిచ్చి కొన్న నత్రజని ఎగిరిపోతోందని అర్థం. వాసన వస్తే ఇంకో గంప ఎండుటాకులు కలపండి, అదే మందు.

అయిందో లేదో రెండు రకాలుగా చూసుకోవచ్చు. తడి ఎరువు ఒక గుప్పెడు ప్లాస్టిక్ కవర్లో కట్టి మూడు రోజులు ఉంచి విప్పండి. ఘాటుగా కొడితే ఇంకా మాగాలి, తొలకరి మట్టి వాసన వస్తే అయినట్టు. నాకు మెంతుల పరీక్ష మీద ఇంకా నమ్మకం. ఒక వంతు ఎరువు, మూడు వంతుల మట్టి కలిపి చిన్న డబ్బాలో ఇరవై మెంతి గింజలు చల్లుతాను, పక్కన ఉత్త మట్టిలో మరో ఇరవై. రెండూ ఒకేలా మొలిస్తే ఎరువు సిద్ధం. మొలక తల మాడి వంగితే డ్రమ్ము మూత పెట్టేస్తాను.

ఎవరికి ఎంత

తోటకూర, పాలకూర, అరటి, కరివేపాకు, సొర, కొబ్బరి ఈ ఎరువును ఇష్టంగా తీసుకుంటాయి. టమాట, మిర్చి, వంగకి నాటేముందు మట్టిలో కలిపి, పిందె పడ్డాక ఇంకోసారి వెయ్యండి. మధ్యలో పెడితే మొక్క ఆకుతోనే ఏపుగా పెరిగి పూత ఆలస్యమవుతుంది. చిక్కుడు, బీన్స్ నత్రజనిని గాలి నుంచి సొంతంగా కూర్చుకుంటాయి, వాటికి పశువుల ఎరువే చాలు. ముల్లంగి, క్యారట్‌కి ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, దుంప ఊరదు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాకి సరిగ్గా మాగిందే వెయ్యాలి. రెట్ట నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు చల్లే పద్ధతి వాటికి ససేమిరా వద్దు.

పన్నెండు అంగుళాల కుండీకి మాగిన ఎరువు ఒక గుప్పెడు, నలభై అయిదు రోజులకోసారి, మొదలుకి నాలుగు వేళ్ళ దూరంలో. పెరట్లో సెంటుకు ఇరవై కిలోలు, దుక్కిలో కలిపి పది రోజులాగి నాటండి. కాపు కొబ్బరికి ఏడాదికి అయిదు నుంచి పది కిలోలు, మొదలుకి మూడు అడుగుల అవతల గాడి తీసి వెయ్యాలి.

ఏళ్ళ తరబడి ఇదొక్కటే వేస్తూ పోకండి. నత్రజనికి దాదాపు సమానంగా భాస్వరం ఉంది, మొక్కకి అంత భాస్వరం అక్కర్లేదు. వాడనిది కుండీలో పేరుకుని జింకు, ఇనుము అందకుండా అడ్డుపడుతుంది. నేను ఒక పంటకి కోడి ఎరువు, తర్వాతి పంటకి పశువుల ఎరువో వర్మీకంపోస్టో వేస్తాను. కొత్తగా తోట మొదలుపెట్టి, మాగబెట్టే చోటు గానీ ఓపిక గానీ లేనివాళ్ళకి మొదటి ఏడు వర్మీకంపోస్టే మేలు. అది కాస్త ఎక్కువ పడినా మొక్క మాడదు.

సంచి ఇంటికి వచ్చినప్పుడు మూతి విప్పి చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి చూడండి. వేడి తగిలినా, కళ్ళలో నీళ్ళు తిరిగినా, ఆటోవాడు "మాగిందేనమ్మా, వేసుకోండి" అన్నా సరే, అది డ్రమ్ములోకే వెళ్ళాలి.